గంటమ్మ కిటికీ

"ఆ కిటికీ వెయ్యమని చెప్పు," అన్నారు మా ఆయన, గోడగడియారం పొట్టలోంచి తల బయటికి తియ్యకుండానే.

"కిటికీ వేస్తే ఉక్కతో చచ్చిపోనూ అని చెప్పు," అంది మా అత్తగారు, వీధి మీదనుంచి చూపు మళ్ళించకుండానే.

ఇద్దరికీ మధ్య దూరం ఆరడుగులు. నేను గుమ్మంలో తడిగుడ్డతో నిలబడి ఉన్నాను. ఎవరు ఎవరితో ఏమంటున్నారో ముగ్గురికీ వినపడుతూనే ఉంది. అయినా ఆ మాట నా మీదుగా వెళ్ళాల్సిందే. ఈ ఇంటికొచ్చిన పద్దెనిమిదేళ్ళుగా నాది అదే కొలువు.

"పొద్దుటినుంచీ ఇది పదోసారి," అన్నారాయన. "ఈ గడియారం నడుస్తోందో కుంటుతోందో తెలియట్లేదు. వీధంతా తెచ్చి నా బల్లమీదే పోశారు."

"గడియారం కుంటితే బాగుచేసేవాణ్ణి అనాలి గానీ, కిటికీని అంటే ఏం లాభం?"

"అమ్మా, నువ్వొక పోస్టాఫీసు పెట్టకూడదూ?" అంది మా అమ్మాయి. దాని పరీక్షలయిపోయి రెండు రోజులయింది, చాప మీద దొర్లుతోంది. "వీళ్ళిద్దరి ఉత్తరాలతోటే బతికెయ్యొచ్చు."

బయట లారీ ఒకటి గేరు మార్చుకుంటూ వెళ్ళింది. గడియారాల అద్దాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. మా ఆయన చేతిలో పట్టుకారు బల్లమీద పెట్టి, అద్దాలు ఊరుకునేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

లోలకం ఉన్న గోడగడియారాలు బాగుచెయ్యడం ఆయన పని. వీధివైపు గదే దుకాణం. కోర్టుది, రైలు స్టేషనుది, మందుల షాపు పెద్దాయన ఇంట్లోది, ఇలా పాతిక ముప్ఫై గడియారాలు ఏడాది పొడుగునా వంతులవారీగా మా ఇంటికొచ్చి వెళ్తుండేవి. చక్రాలు శుభ్రం చెయ్యడం, నూనె వెయ్యడం కళ్ళతో అయ్యేపని. ఆఖరిది మాత్రం చెవితో చెయ్యాలి. లోలకం అటు వెళ్ళినప్పుడు వచ్చే చప్పుడూ ఇటు వచ్చినప్పుడు వచ్చే చప్పుడూ సమానమైన ఎడంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉంటే దాన్నే కుంటడం అంటారు. కుంటే గడియారం ఆ రోజుకి బాగానే తిరుగుతుంది, నాలుగు రోజులకి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. మా ఆయన గడియారం పెట్టెకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల కొక్కేన్ని గోరంత వంచేవారు. రోగి గుండె వింటున్న డాక్టరులా ఉండేవారు అప్పుడు. ఆ కాసేపూ మేము గిన్నె చప్పుడు కూడా చేసేవాళ్ళం కాదు.

కిటికీ మా అత్తగారిది. వీధి చివర బడిలో ముప్ఫై రెండేళ్ళు గంట కొట్టింది ఆవిడ. పిల్లలందరికీ గంటమ్మ. వాళ్ళు పెద్దవాళ్ళయి మీసాలొచ్చినా గంటమ్మే. మోకాళ్ళు పట్టేశాక పొద్దస్తమానం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది. దారినపోయే సగంమంది ఆవిడ గంటకి లేచి, ఆవిడ గంటకి కూర్చున్నవాళ్ళే. "బాగున్నావా గంటమ్మా" అని ఒకరూ, "ఇవాళ బడికి సెలవా గంటమ్మా" అని ఒకరూ. ఆవిడకి ఆ కిటికీయే బడి.

అలాంటి వేసవిలో నాకు పని దొరికింది.

నేను చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. వేసవిలో బడి లేదు. ఊళ్ళో వీధి వీధికీ ఎంత చప్పుడుందో కొలిచి పటం గీస్తున్నారనీ, రెండు నెలలకి మనుషులు కావాలనీ నగర కార్యాలయం వాళ్ళు ప్రకటన వేశారు. నేనేం చేసినా ముందు వద్దనే అలవాటున్న మా ఆయన ఈసారి కాగితం తనే పట్టుకొచ్చారు.

"వెళ్ళు," అన్నారు. "ఎరుపు రంగు వచ్చిన వీధుల్లో లారీలు ఆపేస్తారట. సరుకుల యార్డు వచ్చిన రెండేళ్ళ నుంచీ పది దాటితే నాకు పని లేదు. పొద్దున్నే వినగలిగినంత వినడం, తరవాత ఊరికే కూర్చోవడం. నేను చెప్తే చాదస్తం అంటారు. మిషను చెప్తే వింటారు కదా."

మాకు పని నేర్పిన ఇంజినీరు పాతికేళ్ళ అమ్మాయి. మిషను టార్చిలైటంత ఉంది, కొసకి నల్లటి స్పాంజి బంతి తొడిగారు. దాన్ని మూడుకాళ్ళ స్టాండు మీద ఛాతీ ఎత్తున నిలబెట్టాలి. ఒక్కోచోట రోజుకి నాలుగుసార్లు కొలవాలి. పొద్దున ఏడుకి, పదకొండుకి, మధ్యాహ్నం మూడుకి, సాయంత్రం ఏడుకి. ప్రతిసారీ పదిహేను నిమిషాలు.

"ఆ పదిహేను నిమిషాలూ మీరు చెట్టు అనుకోండి," అంది. "మాట్లాడకూడదు, దగ్గకూడదు, ఎవరైనా పలకరిస్తే చెయ్యి కూడా ఊపకూడదు. పక్కనున్న మీ గొంతే దానికి లారీకంటే పెద్దగా వినపడుతుంది. వెళ్ళిన బళ్ళకి గీతలు పెట్టుకోండి. రోజూ ఉండనిది ఏదైనా జరిగితే, రోడ్డు తవ్వడం, ఊరేగింపు, వాన, ఏదైనా సరే, కింద విశేషాలు అని గడి ఉంది చూశారా, అందులో రాయండి. అది రాయకపోతే ఆ రోజు మామూలు రోజు కిందే లెక్క."

డెబ్బై దాటితే ఎరుపు. దానికి కాస్త లోపు నారింజ. ఆ కింద పసుపు, మరీ కిందికెళ్తే ఆకుపచ్చ. మూడు అంకెలు పెరిగితే చప్పుడు రెట్టింపయినట్టని చెప్పింది. నాకు నమ్మకం కలగలేదు గానీ రాసుకున్నాను.

నాలుగు వారాల్లో నేను పుట్టి పెరిగిన ఊరు నాకు కొత్తగా తెలిసింది. పొద్దున ఏడింటికి ఊరు గొంతు సవరించుకుంటున్నట్టుంటుంది. దుకాణాల ఇనపతలుపులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి, మొదటి బస్సులు ఆవలిస్తూ బయల్దేరతాయి. పదకొండింటికి ఎవరి మాట ఎవరికీ అక్కర్లేదు. మూడింటికి ఎండకి హారన్లు కూడా నీరసపడతాయి. ఏడింటికి ఇళ్ళకి చేరాలన్న తొందర అంతా చప్పుడై పోతుంది. ఆసుపత్రి రోడ్డులో పదకొండింటికి డెబ్బై ఆరు వచ్చింది. పైఅంతస్తులో ఒకామె పక్కమీదున్న మనిషి చెవులకి తన రెండు అరచేతులూ అడ్డంపెట్టి కూర్చోవడం నేను పదిహేను నిమిషాలూ చూశాను. చెట్టుని కదా, చూస్తూనే ఉన్నాను. ఊరంతటికీ తక్కువ వచ్చింది శ్మశానం వెనక సందులో.

"అక్కడివాళ్ళని నోరు ముయ్యమని చెప్పక్కర్లేదుగా మరి," అంది మా అత్తగారు ఆ మాట విని.

ఆవిడకి ఈ పని మహా సరదాగా ఉండేది. మిషన్ని 'నీ నల్లబంతి' అనేది. ఇంజినీరమ్మాయిని 'చెవుల డాక్టరు' అనేది. ఇంటికి రాగానే ఇవాళ ఏ వీధికి ఎన్నొచ్చాయి అని అడిగేది, మార్కులు అడిగినట్టు. ఒక సాయంత్రం నేను కాళ్ళు వాచిపోయి వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన స్టేషను గడియారానికి కీ ఇవ్వడానికి వెళ్ళారు.

"అమ్మాయ్, ఇంతకీ ఎన్నొస్తే మంచిది? ఎక్కువా, తక్కువా?"

"తక్కువే మంచిదత్తయ్యా," అన్నాను కళ్ళు మూసుకుని.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మనిషి చెవికీ గుండెకీ తక్కువే మంచిది, చెవుల డాక్టరు కూడా మొదటిరోజు అదే చెప్పింది. ఎరుపు వస్తేనే లారీలు ఆపుతారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తల్లితో కొడుకు మాట్లాడడు. ఆ కబురు మొయ్యాల్సింది నేను. ఆ పూట నాకు ఓపిక లేదు. మర్నాడు గుర్తు లేదు.

ఐదో వారం మా వీధి వంతు వచ్చింది. దాన్ని కొలవాల్సినతను జ్వరమని రాలేదు, జాబితాలో తరవాతి పేరు నాదే. ముందురోజు వంటింట్లోకి వచ్చి మా ఆయన చిన్నపిల్లాడిలా గుసగుసలాడారు.

"డెబ్బై అయిదుకి తగ్గదు చూడు. పదకొండింటికైతే డెబ్బై ఎనిమిది. నేను రాసిస్తా కావాలంటే."

"చూద్దాం లెండి."

"చూసేదేముంది? ఇరవై ఏళ్ళ నా చెవి ముందు నీ బంతి ఎంత?"

చాలాకాలానికి ఆయన నవ్వడం చూశాను. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. రేపు మన వీధి అన్న సంగతి మాత్రం ఆవిడ విందని తరవాత తెలిసింది.

పొద్దున ఏడింటికి వెల్డింగు షాపు ఎదురుగా స్టాండు పెట్టి మీట నొక్కాను. కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. షాపు తెరిచే ఉంది. వెల్డరు ముందు స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. రోజూ ఆ వేళకి ఇనపచువ్వలు కోస్తుంటాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రేకు మీద దబదబా బాదకుండా, పిల్లలు నిద్రపోతున్న ఇంట్లో తలుపు తట్టినట్టు రెండు వేళ్ళతో తట్టాడు. మిషను యాభై ఎనిమిది చూపిస్తోంది. ఇవాళ ఆదివారమేమో, నేను వారం మరిచిపోయానేమో అనుకున్నాను.

పదకొండింటికి చూశాను. వీధి మలుపులో, చేతికర్ర ఊతగా, నెత్తిమీద తడి తువ్వాలు వేసుకుని మా అత్తగారు నిలబడి ఉంది. ఏడాదిగా గుమ్మం దిగని మనిషి. ప్రతి బండికీ ఎదురుగా చూపుడువేలు పెదవుల మీద పెట్టి చూపిస్తోంది. సిమెంటు లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు నెరిసిన మీసాలాయన. ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు, నల్లబంతిని చూశాడు. హారన్ మీదనుంచి చెయ్యి తీసి, ఇంజను ఆపి, ఆ కాస్త పల్లంలో లారీని ఊరికే దొర్లనిచ్చాడు. నా ముందునుంచి ఆ కొండంత లారీ టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేకుండా వెళ్ళిపోయింది. వెళ్తూ ఆయన నాకేసి తల ఊపాడు, నిశ్చింతగా ఉండమ్మా అన్నట్టు.

అరవకూడదు. దగ్గకూడదు. చెయ్యి ఊపకూడదు. పదిహేను నిమిషాలూ నేను చెట్టునే. నా ఎదురుగా వీధి వీధంతా ఇన్‌స్పెక్షన్ రోజు తరగతిలా చేతులు కట్టుకుని కూర్చుంది.

సమయం అవగానే ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"ఎలా ఉంది?" అంది. మొహం మీద చెమటలు కారుతున్నాయి, కళ్ళు మెరుస్తున్నాయి. "సూది పడితే వినపడేట్టు లేదూ? నిన్న సాయంత్రమే కిటికీలోంచి అందరికీ చెప్పా. రేపు మా కోడలు కొలవడానికొస్తుంది, ఒక్కడు నోరెత్తాడంటే వీపు చిట్లగొడతానని."

"ఎందుకత్తయ్యా ఇదంతా?"

"ఎందుకేమిటి? ఊరందరి వీధులూ కొలిచి, సొంత వీధికొచ్చేసరికి కోడలికి తక్కువ మార్కులా? అదే, ఎక్కువ మార్కులా? నాకీ తిరకాసు లెక్క నోరు తిరగట్లేదు. పేరు నిలబడాలా వద్దా?"

వెల్డరు అటునుంచి అన్నాడు, "అక్కా, మూడింటికి కూడా కొయ్యనులే. గంటమ్మ మాటంటే మాటే. నాలుగో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన మనిషి."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. మండుటెండలో, మోకాళ్ళు వణుకుతూ, ముప్ఫై రెండేళ్ళ కొలువు మళ్ళీ ఒక్కరోజుకి దొరికినట్టు నిలబడ్డ ఆ మనిషి మొహం చూస్తే, ఆ ఒక్క మాటా చెప్పలేకపోయాను.

"ఎండ దెబ్బ తగులుతుంది, ఇంటికెళ్ళండి," అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. మిగతా రెండుసార్లూ వీధి తనంతట తనే నోరు మూసుకుంది.

సాయంత్రం కాగితం నింపుతూ విశేషాల గడి దగ్గర ఆగాను. ఏమని రాయాలి? మా అత్తగారు వీధిని నోరుమూయించిందనా? అంతకుముందు వారమే ఒకతను తన బంధువుల చేత హారన్లు కొట్టించాడని తెలిసి, అతణ్ణి పంపేసి, అతను కొలిచినవన్నీ కొట్టేశారు. నావీ కొట్టేస్తే ఐదు వారాల వీధులన్నీ పోతాయి. అటూ ఇటూ వీధుల్లో నాలుగు చోట్ల మిగతావాళ్ళు కొలిచారు కదా, సగటులో సర్దుకుంటుందిలే అనుకున్నాను. గడిలో 'ఏమీ లేదు' అని రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

ఇంటికెళ్ళాక మా ఆయన అడిగారు. "ఎంత?"

"సొంత వీధిది బయటికి చెప్పకూడదండీ."

"చెప్పకపోయినా నాకు తెలుసులే," అని ఆయన కూనిరాగం తీస్తూ దీపం కింద కూర్చున్నారు.

తొలకరి చినుకులు పడ్డ వారం పటాన్ని నగర కార్యాలయం హాల్లో గోడకి పెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు, నన్ను రమ్మన్నారు. గోడంత పటం. ఊరు కురుపులా ఎర్రగా ఉంది. ఆసుపత్రి రోడ్డు ఎరుపు, యార్డు రోడ్డు ఎరుపు. రెంటి మధ్యా సన్నగా, చింపిన గుడ్డ అంచులా ఒక పసుపు గీత. మా వీధి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. పక్కన కాగితంలో ఇకమీదట ఏ లారీలు ఎటు వెళ్ళాలో రాసి ఉంది. ఆసుపత్రి రోడ్డు లారీలన్నీ మా వీధికి. కింద కారణం: 'ఇంకా చప్పుడు మోయగల వీధి'.

"మన వీధి కొలిచింది నువ్వేగా?"

"నేనే."

తిరిగొచ్చేటప్పుడు గొడుగు నాకిచ్చి, తను ముందు తడుస్తూ నడిచారు.

మర్నాడు ఇంజినీరమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ ఒక్కసారి కొలవండమ్మా అన్నాను. ఆ రోజు వీధి మామూలుగా లేదన్నాను. ఆమె విసుక్కోలేదు. బీరువాలోంచి కాగితం వెతికి తీసి నా ముందు పెట్టింది.

"విశేషాల్లో ఏమీ లేదని మీరే రాశారు కదా మేడమ్. మీ చేతిరాతేనా?"

"నాదే."

"అప్పుడే రాసుంటే వేరే రోజు పెట్టేదాన్ని. ఇప్పుడు కౌన్సిల్లో సంతకాలైపోయాయి."

"మళ్ళీ ఎప్పుడు కొలుస్తారు?"

"ఐదేళ్ళకి," అంది, నా మొహంకేసి చూడకుండా. ఆసుపత్రి కిటికీలో కూర్చున్నామె గుర్తొచ్చింది. ఆమె ఇప్పుడు చేతులు దించుకుని ఉంటుంది. ఆ మాట పైకి అనుకుని నా మనసు చల్లబరుచుకోవాలని చూశాను. చల్లబడలేదు.

వానలతోపాటు లారీలు వచ్చాయి. నిమిషానికొకటి. ఇంజను చప్పుడు కన్నా కాళ్ళకింద నుంచి వచ్చే అదురు ఎక్కువ. గోడలకి తగిలించిన గడియారాలు ఒకదాని తరవాత ఒకటి పక్కకి ఒరిగేవి. పైపెచ్చు ఆ లారీలు తోలేవాళ్ళలో సగంమంది గంటమ్మ పిల్లలే. కిటికీలో ఆవిడ కనపడగానే దణ్ణం పెట్టినట్టు రెండుసార్లు హారన్ కొట్టేవాళ్ళు. ఆవిడ చెయ్యి ఊపేది.

"అదుగో, వాడే. ఐదో తరగతిలో గంట తాడు కోసి మెళ్ళో వేసుకుని తిరిగాడు. ఇప్పుడు చూడు, ఎంత లారీ తోలుతున్నాడో!"

ప్రతి హారన్‌కీ మా ఆయన చెవి గడియారం పెట్టెనుంచి లేచేది. మళ్ళీ ఆనించేవారు. మళ్ళీ లేచేది. తెల్లారకుండా లేచి చూశారు, అప్పటికీ లారీలే. చెవిలో దూది పెడితే గడియారం కూడా వినపడదు. వేలికొసలతో పెట్టె తడిమి చప్పుడు పట్టుకోవాలని చూశారు. వేలికి తగిలేదంతా లారీయే. కోర్టు గడియారం వెళ్ళిన తొమ్మిదో రోజున వెనక్కొచ్చింది. మందుల షాపు పెద్దాయన తనే మోసుకొచ్చి, "తొందరేం లేదు, కానీ మూడోసారి ఆగింది, చూడండి," అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకి మా ఆయన మొహం నల్లబడింది.

"కిటికీ వెయ్యమని చెప్పు," అనడం కూడా మానేశారు. నాకు కొలువు లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ముందుగదిలో మాటలు వినపడ్డాయి. మా అమ్మాయి పేపరు చదివి వినిపిస్తోంది.

"పసుపంటే మంచిదేగా?" అంది మా అత్తగారు.

"ఏం మంచిది నానమ్మా? ఎరుపొచ్చుంటే లారీలు ఆపేసేవాళ్ళు. పసుపొచ్చింది కాబట్టి ఇటు తోలారు. ఖాళీ బెంచీ ఉందని ఇంకో నలుగుర్ని కూర్చోబెట్టినట్టు."

"ఎవరు చెప్పారు?"

"ఇందులోనే రాసుంది. అమ్మకీ నాన్నకీ మొదటినుంచీ తెలుసు."

నా చేతులు సబ్బునీళ్ళలో ఆగిపోయాయి. లారీ ఒకటి రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళింది. చాలాసేపు అయ్యాక మా అమ్మాయి వచ్చి, "నానమ్మకి నిద్రొస్తోందట, కళ్ళు మూసుకుంది," అంది.

ఆ రాత్రి గానీ మర్నాడు గానీ ఆవిడ నన్నేమీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్లు నాకు అలవాటే, ఎలా మొయ్యాలో తెలుసు.

శనివారం పొద్దున మా ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు.

"ఉన్న ఆరు గడియారాలూ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను. బస్సు డిపోలో రాకపోకలు రాసుకునే పని ఉందన్నారు. సోమవారం నుంచి వెళ్తున్నా." పెరటి గోడమీద నాచుని గోరుతో గీకుతూ నిలబడ్డారు. "అమ్మకి ఇప్పుడే చెప్పకు. మెల్లిగా నేనే చెప్తా."

"ఏమండీ, ఆ రోజు..." అన్నాను.

"నాకు తెలుసు. వెల్డరు చెప్పాడు." గోటిలో నాచు దులుపుకుని, "నువ్వు మాత్రం ఏం చేస్తావు," అన్నారు. అందులో కోపం లేదు. ఉంటే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం ముందుగదిలో భోజనానికి కూర్చున్నాం. బల్లమీద పాత దుప్పటి కప్పి ఉంది. పనిముట్లు దుమ్ము పట్టకుండా కప్పారని అత్తగారు అనుకుంటోందని నాకు తెలుసు. గోడలకి మేకులు మాత్రం ఉన్నాయి. ఆవిడకి చూపు ఆనడం మానేసి చాలాకాలమైంది, కిటికీ అవతల మనుషుల్ని కూడా నడకనిబట్టో హారన్నిబట్టో పోల్చుకుంటుంది.

సగం తిన్నాక ఆవిడ కంచం పక్కకి జరిపింది.

"ఒరే," అంది. నాతో కాదు, నేరుగా కొడుకుతో.

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తారు. మా అమ్మాయి నాకేసి చూసింది.

"ఈ కిటికీకి ఇటుకలు పెట్టించెయ్యి. తలుపులు వేస్తే చాలదు, సందులోంచి కనపడతాను. నేను కనపడితే ఆ వెధవలు హారన్ కొట్టకుండా ఉండలేరు. మేస్త్రీకి నిన్ననే కబురు పెట్టాను, వాడూ మన బడివాడే. రేపొస్తానన్నాడు. కాస్త చప్పుడు తగ్గితే నీ గడియారాలు నీకు వినపడతాయి."

గోడ కట్టినా నేల అదురు ఆగదని నాకు తెలుసు. ఎన్ని అంకెలు తగ్గుతాయో కూడా చెప్పగలను.

"ఉక్కపోస్తుంది కదే అమ్మా," అన్నారు మా ఆయన. ఎన్నేళ్ళకో ఆమెతో నేరుగా అన్న మాట అది.

"పోస్తే పోసింది. తక్కువే మంచిదన్నారుగా," అంది. నాకేసి చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత ఓపిక తెచ్చుకుందో మెడ నరాల్లో కనపడుతూనే ఉంది.

మా ఆయన దుప్పటి కప్పిన బల్లకేసి ఒకసారి చూశారు. చెప్పడానికి నోరు తెరిచారు.

"సరే అమ్మా," అన్నారు.

ఆవిడ లేచి, కుర్చీ వీపు పట్టుకుని, ఎవర్నీ సాయం రానివ్వకుండా ఈడ్చి దాన్ని మావైపు తిప్పుకుంది. కూర్చుంది. వెనక వీధిలో ఎవడో ఆవిడ పిల్లాడు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళాడు. ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి కొద్దిగా లేచి, మళ్ళీ దిగింది.